మూడో నట్టు

సాలూరు ఘాటీలో, నాలుగో మలుపు దగ్గర
బండి ఈల మానేసింది.
వెనకంతా నీలం పొగ.
సీట్లో పెళ్లివాళ్లు ముక్కులు మూసుకుని
కిరాయిలో మూడొందలు కోసుకుని
వచ్చిన జీపెక్కి పోయారు.

షెడ్డువాడు పద్దెనిమిది వేలన్నాడు,
విప్పడానికి మూడు వేలు వేరే.
విప్పడం నాకు రాదా?
నెల్లిమర్లలో, మా రేకుల చూరు కింద
జాకీ మీద నమ్మకం చాలక
ఊడదీసిన చక్రాన్ని కూడా బండి కిందకి తోసి
ఆదివారం పొద్దున్నే మొదలెట్టాను.

ముందు బ్యాటరీ తీగ.
తర్వాత వేడిని ఆపే రేకు, నాలుగు బోల్టులు;
నాలుగోది తుప్పుకి గుండ్రంగా అరిగిపోయి
ఏ పానాకీ చిక్కదు, ఉలి పెట్టి కొట్టాను.
తర్వాత గాలి గొట్టం.
తీసిన నోట్లోకల్లా పాత లుంగీ గుడ్డ కుక్కాను.
ఒక్క వాషరు లోపల పడిందా,
పంటి కింద రాయి కాదు అది, కడుపులో రాయి.
నూనె గొట్టం విప్పితే రెండు రాగి వాషర్లు
చంటిదాని చెవి పోగుల్లా అరచేతిలో పడ్డాయి.
కారుతున్న నల్ల నూనె కింద
అసిరితల్లి పప్పుగిన్నె పెట్టింది.
"ఈ గిన్ని మరింక వంటకి రాదు" అంది,
ఖర్చులో కలుపుకోమన్నట్టు.

పొగ గొట్టం దగ్గర మూడు నట్లు.
ఒకటి మధ్యాహ్నానికి వచ్చింది.
రెండోది, పానాకి నీళ్ల పైపు తొడిగి
కాలితో తంతే కీచుమంటూ వచ్చింది.
మూడోది రాదు.
తుప్పు నూనె పోశాను, టీ తాగాను, మళ్లీ పోశాను.
వీధి చివర కంసాలి దగ్గర ఊదుడు దీపం తెచ్చి
ఎర్రగా కాల్చి, కొవ్వొత్తి మైనం అద్దాను.
బూతులు తిట్టాను. పైడితల్లమ్మకి మొక్కాను.
రెండూ ఒకే గుక్కలో.

"ఇలగియ్యి" అంది అసిరితల్లి.
పన్నెండేళ్లు జూట్ మిల్లులో స్పిన్నింగు చేసిన మనిషి,
గేటుకి తాళం పడ్డాక ఇంట్లో ఉంది.
విప్పే వైపు తిప్పలేదు తను.
బిగించే వైపు ఒక్క పిసరు,
విప్పే వైపు ఒక్క పిసరు,
మళ్లీ బిగించి, మళ్లీ విప్పి,
"కోపంగున్నోడ్ని తోస్తే ఇంకా బిగుసుకుంటాడు.
ముందు ఆడి మాటే ఔనను" అంటూ ఉండగానే
టక్.
వచ్చింది నట్టా, విరిగింది బోల్టా?
ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.
నట్టే.

టర్బో బయటికొచ్చింది,
పెద్ద నత్తగుల్ల, మసి పట్టి,
అన్నప్రాశన నాటి పిల్లంత బరువు.
ఒళ్లో పెట్టుకుని తనకి చెప్పాను:
ఇంజన్ బయటికి పారేసే పొగే
ఈ చక్రాన్ని తిప్పుతుంది.
అదే ఇరుసు అటు కొసన ఇంకో చక్రం
కొత్త గాలిని లోపలికి తోస్తుంది.
నిమిషానికి లక్ష చుట్లు, ఫోన్లో చూశాను.
"పారేసిందాంతోనేనా?" అంది.
కాసేపు ఇంకేమీ అనలేదు.

తర్వాత చెంగుకి చేయి తుడుచుకుని
రెండు వేళ్లతో ఇరుసు కొస పట్టుకుని
కళ్లు మూసుకుంది.
మిల్లులో స్పిండిలు బేరింగు పోతే
గోల మొదలయ్యేదాకా ఆగేది కాదట,
వేలికే తెలిసేదట.
ఫిట్టరు నమ్మేవాడు కాదట, రెండ్రోజులాగి వచ్చి మార్చేవాడట.
"ఊగతన్నాది సూడు. కూసింత కాదు. పోనాది."
నేనూ పట్టుకుని చూశాను.
నాకేమీ తెలియలేదు.
అవునన్నాను.

పొద్దు వాలుతుంటే పప్పుగిన్నె వంచాను.
నూనె అడుగున వెండి రజను
సన్నగా మెరిసింది.
ఇంకోసారి అవునన్నాను, ఈసారి నిజంగా.

పొద్దున్న మొదటి బస్సు, విశాఖ ఆటోనగర్‌కి.
తను దాన్ని గోనెలో చుట్టింది.
నేత మీద వేలు రాసి చూసి
"ఇది మా మిల్లుది కాదు" అంది.
"నానూ ఒస్తాను. నువ్వొక్కడివీ ఎల్తే
ఆడు సెప్పిందల్లా ఔనంటావు."

చూరు కింద బండి
నోట్లో లుంగీ గుడ్డతో నిలబడి ఉంది.
రాత్రి ఒకసారి లేచి చూశాను.
మూడో నట్టు నా జేబులోనే ఉంది.
అంచులు పోయాయి, మళ్లీ ఎక్కదు.
పారేయలేదు.