టిక్కీల బండి

మిర్చి యార్డులో పన్నెండేళ్లు టిక్కీలు మోసిన బండి ఇది.
ఆటోనగర్ మస్తాన్ దానికి రేకు కప్పి, కిటికీ కోసి,
మడతమంచం బిగించి, గ్యాసు పొయ్యికో అర కట్టి
"ఇక ఇల్లే అమ్మా" అన్నాడు.
మూడుసార్లు సర్ఫుతో కడిగాం. నిమ్మచెక్కలు రుద్దాం.
తలుపు తీస్తే తుమ్ము.
ఇల్లంటే మరి అంతేగా, అన్నాడు యేసుపాదం
తుమ్ముతూనే.

ఆయన కాటా గుమస్తా. ముప్పయ్యేళ్లు
ఊళ్లవాళ్ల బరువులు రాసి రాసి
తన బరువు చూసుకోలేదు.
షుగరొచ్చింది, నడవమన్నారు డాక్టరుగారు.
ఈయన సైకిలు కొన్నాడు.
సైకిలు కొన్నాక సముద్రం కావాలన్నాడు.
ఉన్న సముద్రం చాలదట,
సూర్యలంకలో చక్రం తడిపి
తీసుకెళ్లి కార్వారులో తడపాలట.
సంగడిగుంట సంగడిగుంటంతా నవ్వింది.
మా ఆడబిడ్డ ఒక్కతే నవ్వలేదు.
"అరవై దాటాక రోడ్ల మీద పడుకుంటారా సలోమీ,
జనం ఏమనుకుంటారు?"
జనం ఏమనుకున్నారో తెలీదు గానీ
ఆరు సీసాల గోంగూర పచ్చడి ఇచ్చారు.

ఒప్పందం ఇదీ.
ఒకరోజు ఆయన తొక్కాలి, నేను బండి నడపాలి.
మర్నాడు నేను తొక్కాలి.
బండిలో ఉన్నవాళ్లు ఇరవై కిలోమీటర్లు ముందుకెళ్లి
నీడ చూసి ఆపి, టీ పెట్టి, కూర్చోవాలి.
కూర్చోవడం.
అది నాకెవరూ నేర్పలేదు.
పెద్దాసుపత్రిలో ముప్పై రెండేళ్లు
సెలైను చుక్కలు లెక్కపెట్టాను గానీ
ఒక మనిషి రోడ్డు చివర చుక్కగా పుట్టి
టోపీ అయి, చొక్కా అయి,
చెమట కారే మొహమయ్యేదాకా
ఎప్పుడు చూశాను?
వినుకొండ అవతల, ఒక వేపచెట్టు కింద,
పెళ్లయిన ఇన్నాళ్లకి
మా ఆయన రావడం చూశాను.

గిద్దలూరు దాటితే అడవి. ఘాటు రోడ్డు.
ఫోను చచ్చిపోయింది.
టీ రెండుసార్లు చల్లారింది.
లారీలాపి అడిగాను: ఎర్ర టోపీ, తెల్ల గడ్డం,
సైకిలుకి వెనక నీళ్ల డబ్బా.
చూళ్లేదన్నారు. చూశామన్నారు. ఏ టోపీ అన్నారు.
గంటన్నరకి బండి వెనక్కి తిప్పాను.
కల్వర్టు మీద కూర్చుని,
చైను తెగిన సైకిలు పక్కన పడేసి,
సీతాఫలం తింటున్నాడు.

నోటికొచ్చినవన్నీ అన్నాను.
గింజ ఊసి, సగం కాయ నా చేతిలో పెట్టి,
"నైట్ డ్యూటీకి రిలీవరు రాకపోతే
నువ్వు తొమ్మిదికొకసారి, పదికొకసారి బయటికొచ్చేదానివి.
నేను ఆరింటికే గేటు దగ్గర.
కావాలంటే టీ కొట్టు సాంబయ్యనడుగు" అన్నాడు.
సాంబయ్య పోయి ఏడేళ్లు. ఎవర్నడగను?
నేనెప్పుడూ అడగనూ లేదు,
స్కూటరెక్కి, ఆయన వీపుకి తలానించి
నిద్రపోయేదాన్ని.
కోపం పోలేదు. కాయ మాత్రం తీపి.

కార్వారులో పరుపు దులుపుతుంటే
రేకు సందులోంచి మిరపగింజలు రాలాయి.
అంత సముద్రం ముందు ఇద్దరం
కళ్లనీళ్లొచ్చేదాకా తుమ్మాం.
చక్రం తడపలేదని మర్నాడు గుర్తొచ్చింది,
అప్పటికే హుబ్లీ దారిలో ఉన్నాం.
పోన్లే, అన్నాడు. వెనక్కి తిప్పమంటాడేమోనని
నేను రేడియో పెంచాను.

ఇవాళ పొద్దున పేరేచర్ల నుంచి నా వంతు.
నల్లపాడు దాటేసరికి గాలి ఘాటెక్కింది,
కోల్డ్ స్టోరేజీల్లోంచి సరుకు కదిలినట్టుంది.
యార్డు గేటు ముందు, టిక్కీల లారీల మధ్య
కొత్తగా వచ్చిన సరుకులాగా మా బండి.
దాని పక్కన ఆయన,
కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని
ఇటే చూస్తున్నాడు.

ఇల్లు ఇంకా మూడు కిలోమీటర్లు.
నేను కాస్త నెమ్మదిగా తొక్కాను.
చూడనీ.