రాయగడకు బదిలీ మీద వస్తున్నవాడికి

తారకేశూ,
కూనేరు దాటాక సెల్లులో సిగ్నలు పోతుంది, కంగారు పడకు.
లడ్డా దగ్గర గాలి మారుతుంది.
ఉడికిన క్యాబేజీ కంపు గుప్పుమంటే
కాగితం మిల్లు నిన్ను పలకరించిందని అర్థం.
మూడు రోజులు ముక్కు మూసుకుంటావు.
నాలుగో రోజు ఆ కంపు తగలకపోతే
మిల్లులో సమ్మేమోనని నీకే బెంగ.

స్టేషను బయట మొదటి కొట్టులో టీ తాగకు.
రెండో దాంట్లోనూ తాగకు.
బ్యాగు మోసుకుంటూనే దండాసి పాత్రో దగ్గరికి నడు.
కోరాపుట్ కొండల కాఫీ గింజ
ఇనప మూకుడులో తనే వేయిస్తాడు,
పొగకి కళ్ళు నులుముకుంటూ వాసన చూసి దించుతాడు.
చక్కెర తగ్గించమన్నావో,
డబ్బులు వెనక్కిస్తాడు గానీ చెయ్యి తగ్గించడు.

బేరం తెలుగులో ఆడు.
దెబ్బలాట ఒడియాలో పెట్టుకో,
గుండ్రటి అక్షరాల తిట్లు, తగిలినా కోసుకోవు.
చిల్లర మాత్రం ఎవడి భాషలో వాడే లెక్కపెట్టుకుంటాడు
పెదాలు కదలకుండా.

బారు ఒకటుంది.
నీలం లైట్లు, ఏసీ, చేపల తొట్టె. చేపల్లేవు.
రీజనల్ మేనేజరు వస్తే తీసుకెళ్ళు.
నీ కోసమైతే చలికాలం దాకా ఆగి
తెల్లారకముందే ఊరు దాటి
సింగారి వడకా వాళ్ళ జీలుగు చెట్టు కిందికి వెళ్ళు.
సొరబుర్రలోంచి ఆకుదొప్పలోకి వంచుతుంది.
ముందు నేలకి రెండు చుక్కలు.
ఎవరికని అడిగాను ఒకసారి.
"నీకంటే ముందొచ్చినవాళ్ళకి" అంది.
ముప్పై ఏళ్ళ సర్వీసులో
సీనియారిటీ లిస్టు అంత స్పష్టంగా
నాకెవరూ చూపించలేదు.
ఎండెక్కాక మాత్రం ముట్టకు, పులుస్తుంది.
ఓ మధ్యాహ్నం నేను తాగొచ్చి
నా పేరు మీద నాకే ట్రాక్టరు లోను రాసుకున్నాను.
ప్యూను చించబట్టి బతికాను.

చూడ్డానికా? మజ్జిగౌరమ్మ ముఖం చూడు,
అక్కడ ముఖమే ఉంటుంది, అదే చాలు.
నాగావళి మీద ఊగే వంతెన ఉంది,
అందరూ నడిమధ్య ఫోటో దిగి వెనక్కి తిరుగుతారు.
నువ్వు అవతలి గట్టు దాకా పో.
అక్కడేం లేదు. అయినా పో.

బుధవారం సెలవు దొరికితే చాటికొన సంత.
పసుపు కొను, పనసపండు కాలమైతే అదీ కొను,
ఫోటో తియ్యకు.
నేను తీశాను.
ముక్కుకి మూడు పోగులున్న ఒకామె
నా కళ్ళజోడు లాగి తను పెట్టుకుని
నన్ను పైనుంచి కిందకి, కిందనుంచి పైకి
చాలాసేపు చూసింది.
సంతంతా నవ్వింది.
తర్వాత కళ్ళజోడు కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

టిఫిను సంగతి కావాలనే ఆఖరికి ఉంచాను.
పాత బస్టాండు వెనక గవరమ్మ బండి.
ఇడ్లీ మీద వేడి ఘుగ్నీ పోసి, ఉల్లిపాయ చల్లి ఇస్తుంది.
చట్నీ అడిగితే ఇస్తుంది గానీ
నువ్వు కొత్తవాడివని సాయంత్రానికి ఊరికి తెలిసిపోతుంది.
ఆ జిల్లాలో అంతకు మించిన తిండి లేదు.
అక్కడ నా పేరు చెప్పకు.
ఆఖరి రెండేళ్ళూ ఆ ఇడ్లీ
ప్యూను చేత పొట్లం కట్టించుకుని తిన్నాను,
ఎవరికని ఆమె అడిగితే
ఆడిటరుకని చెప్పమన్నాను.

వాళ్ళబ్బాయి ఆటో లోను కాగితాలు
ఒక సంతకం తక్కువని తిప్పి పంపింది నేనే.
ఆ సంతకం పెట్టాల్సిందీ నేనే,
ఆ వారం కొత్త సర్క్యులరు, భయం, ఏదో.
ఫైలు నీ సొరుగులో కింది అరలో ఉంటుంది,
అట్ట మీద కాఫీ గ్లాసు మరక, దండాసిదే.

చేరిన రోజే తెరవకు.
ముందు వెళ్ళి, బండి పక్కన నిలబడి తిను.
చట్నీ అడక్కు.