రేట్ల కాగితం

ఫ్రిజ్ తలుపు మీద, పిజ్జా కొట్టువాడిచ్చిన అయస్కాంతం కింద
మా లాస్య రాసిన రేట్ల కాగితం.
బ్లడీ: పది సెంట్లు. తాతలు కూడా అంటారు కాబట్టి.
షటప్: యాభై.
ఎఫ్‌తో మొదలై చుక్కలతో ముగిసేది: రెండు డాలర్లు.
సుత్తి మీద అంటే సగం.
మనిషి మీద అంటే పూర్తి.
కట్టాల్సిన చోటు: మైలో డబ్బా.

తొమ్మిదేళ్ల పిల్లకి ఈ తూకం ఎవరు నేర్పారో తెలీదు.
నేనైతే కాదు.
టువూంబాలో నేను పనిచేసే టైర్ల షెడ్డులో
ఆ రెండు డాలర్ల మాట కామా లాంటిది.
ఊపిరి తీసుకునే చోటల్లా పడుతుంది,
ఎవరికీ తగలదు.
సాయంత్రం గుమ్మం దగ్గర
బూట్లతో పాటు దాన్నీ విప్పి లోపలికొస్తాను.

గురువారం సాయంత్రం సింకు కింద దూరాడు గ్లెన్,
పైపులు బాగుచేసే మనిషి.
రెంచీ జారింది. బొటనవేలు నలిగింది.
నీళ్లకంటే ముందు మాట చిమ్మింది.
బల్ల దగ్గర ఎక్కాలు రాస్తున్న పిల్లల్ని చూసి
ఆరడుగుల మనిషి, మోకాళ్ల మీద,
చెవుల దాకా ఎర్రబడి సారీ సారీ అన్నాడు.
లాస్య తలెత్తలేదు.
"రెంచీ మీదే కదా. ఒక డాలర్."
జేబులు తడుముకుని ఇచ్చాడు.

ఈలోగా మా హవిష్, ఐదేళ్లవాడు,
తడి నేల మీద జారుడాటకి సిద్ధమయ్యాడు.
"ఒరేయ్ వెధవా, నడుం విరుగుద్ది!" అన్నాను.
గ్లెన్ నవ్వాడు. ఆ మాట బాగుంది, అర్థమేంటన్నాడు.
తుంటరి అని చెప్పాను.
లాస్య పెన్ను తీసింది.
"నాన్నా, మన మాటలకి రేట్లు లేవేంటి?"

అవి తిట్లు కావమ్మా.
నీ దుంప తెగ అని మా అమ్మ రోజుకి పదిసార్లనేది,
అన్నం కలుపుతూ అనేది.
తెగిన దుంప తెగినట్టే మొలిచాను.
నీ మొహం మండ అనేది, ఆ కొంగుతోనే మొహం తుడిచేది.
గాడిద కొడకా అనేవాడు మా నాన్న,
అందులో గాడిద ఎవరో ఎప్పుడూ లెక్కేసుకోలేదు.

"మరి వెధవ అంటే? అసలు అర్థం?"

కిటికీ దగ్గర వకుళక్క పళ్లేలు తుడుస్తోంది.
బావ పోయి పద్నాలుగు నెలలు,
అక్క మా ఇంటికొచ్చి పది.
ఈ పది నెలల్లో పాలు ఒలకబోసినవాణ్ణి,
ఒక సాక్సు పోగొట్టుకున్నవాణ్ణి,
నిద్దట్లో నవ్వినవాణ్ణి ముద్దుపెట్టుకుంటూ కూడా
ఆ మాటే అన్నాను.
విధవ నోట్లో నలిగి నలిగి వెధవయిందని తెలిసే
ఎన్నడూ వినలేదు నేను.
తుడిచిన పళ్లేన్నే మళ్లీ తుడుస్తోంది అక్క.

"తెలీదమ్మా."
అబద్ధానికి ఆ కాగితంలో రేటు లేదు.

రాత్రి అందరూ పడుకున్నాక డబ్బా మూత తీశాను.
ఎంత వెయ్యాలి?
సుత్తి మీద అనలేదు.
అన్నది ఒకడి మీద, పడింది ఇంకొకరి మీద.
అలాంటి గడి లాస్య గీయలేదు.
ఐదు నోటు వేశాను. చాలదనిపించి ఇంకో ఐదు.
వేశాక, డబ్బు కట్టి వదిలించుకుంటున్నానా అనిపించి
వెనక్కి తీయబోయాను. తీయలేదు.

పొద్దున్నే లెక్కపెట్టి కేకేసింది లాస్య:
"పది డాలర్లు ఎక్కువ! ఎవరు తిట్టారు? ఏమని?"
నేను టీలో బిస్కెట్ ముంచాను. విరిగి అడుక్కి పోయింది.
అక్క హవిష్‌కి బూటు లేసు కడుతోంది.
కుదురుగా నిలబడడు వాడు.
"కాలు ఇటు పెట్టరా వెధవా," అంది,
"బస్సెళ్లిపోద్ది."
మామూలుగా అంది.
నా వైపు చూసిందేమో,
నేను కప్పులో బిస్కెట్ వెతుకుతున్నాను.

లాస్య అత్త ముందు చెయ్యి చాపలేదు.
డబ్బా మూత పెట్టి
కాగితం అడుగున ఇంకో గీత గీసింది,
పెన్ను కొరుకుతూ అక్కడే నిలబడింది.
బయట బస్సు హారన్ కొట్టింది.