అతుకు

పదకొండో గదికి నేను కాపలా.
పొద్దున పది నుంచి, కాళ్ళు పీక్కుపోయేదాకా.
నా పని బొమ్మల్ని చూడటం కాదు,
బొమ్మల్ని చూసేవాళ్ళని చూడటం.

సన్యాసినులు మౌనంగా గంజి తాగిన మఠం ఇది ఒకప్పుడు.
ఇప్పుడు గోడ పొడవునా నీలం,
తెల్లబట్టలకి పెట్టే నీలిమందు ఒలికినట్టు:
భూకంపానికి ముందటి లిస్బన్,
పలక పక్కన పలకగా.
కూలిన రాజప్రాసాదం ఇక్కడ కూలలేదు.
ఓడలు లంగరెత్తవు. ఒక కుక్క
మూడొందల ఏళ్ళుగా అదే గడప దాటబోతోంది.

టోపీల గుంపులు వస్తాయి.
ఫోన్లు ఎత్తుతాయి, దించుతాయి, పోతాయి.
నది దగ్గర ఆగేవాళ్ళు ప్రేమలో ఉన్నవాళ్ళు,
చర్చిలు లెక్కపెట్టేవాళ్ళు రిటైరైనవాళ్ళు.
తొమ్మిదేళ్ళలో నేను నేర్చిన కళావిమర్శ ఇంతే.

ఫిర్మినో మాత్రం ముక్కు గోడకి ఆనేంత దగ్గరకొచ్చాడు.
"అయ్యా, గీత దాటకండి."
వినలేదు. చెవి మిషను ఇంట్లో మర్చిపోయాడని
మనవరాలు బ్రిజిదా సైగ చేసింది.
ఎనభై దాటినవాడు. సున్నం తినేసిన వేళ్ళు.
చూస్తున్నది కోటనీ కాదు, ఓడనీ కాదు,
పలకకీ పలకకీ మధ్య సందుని.

"ఇది తలకిందులుగా పెట్టారు!"
గదంతా వెనక్కి తిరిగింది.
చూశాను.
ఆకాశం మూలన ఒక మబ్బు
వెల్లకిలా పడుకుని ఉంది, పొట్ట కిందా మీదా అయి.
తొమ్మిదేళ్ళు! నా కుర్చీకి నాలుగడుగుల దూరంలో!
"శనివారం సాయంత్రం పెట్టుంటాడు," అన్నాడు,
"కూలి డబ్బుల మీద మనసు పెట్టి."

ఆరోజూ శనివారమే.
డ్యూటీ దిగి నేను కొండెక్కే దారి సంతలోంచి పోతుంది.
'దొంగదాని సంత' అని దాని పేరు.
తుప్పు తాళాలు, ఎవరిదో పెళ్ళి ఫొటో,
ఒంటి చెప్పు కూడా అమ్మకానికే.
చాప మీద పలకలు పేకముక్కల్లా:
ఒకటి ఐదు యూరోలు, మూడైతే పన్నెండు.
రాత్రిళ్ళు ఉలితో గోడల పళ్ళు ఊడబీకిన సరుకని
ఊరందరికీ తెలుసు. ఊరంతా కొంటుంది.

అక్కడా వాళ్ళే, తాతా మనవరాలూ.
ఆయన పలకల ముఖం చూడటం లేదు.
ఒక్కొక్కటీ తిరగేసి వీపు చూస్తున్నాడు,
పుచ్చు వంకాయలు ఏరేవాడిలా.
పదిహేనోదో పదహారోదో. ఆగాడు.
వెనక గట్టిపడిన సున్నంలో బొటనవేలి గుంట.
తన వేలు అందులో పెట్టాడు.
పట్టలేదు. వేలు ముసలిదైంది, గుంట కాలేదు.
"మేకల మెట్లదారి, నాలుగో మలుపు," అన్నాడు,
"నా మొదటి గోడ. మేస్త్రీ నన్ను తిట్టిన గోడ."

ఆపైన బేరమాడాడు!
తన చేతిపనికి తనే బేరమాడి, నాలుగున్నరకి తెచ్చాడు.
ఆ అర యూరో దగ్గర
సిగ్గుపడింది ఆయనో అమ్మేవాడో నాకు తెలీలేదు.

పిలవకపోయినా ఆ మెట్లదాకా వాళ్ళ వెంట నడిచాను.
గోడలో పలక ఊడిన చోట
ఎవరో కుర్రాడు స్ప్రే డబ్బాతో చేపని గీసి పోయాడు.
పసుపు చేప. నవ్వుతోంది,
ఒక కన్ను పక్క పలక మీదకి జారిపోయి.

ఫిర్మినో పలకని ఖాళీకి అడ్డంగా ఎత్తి పట్టాడు.
చేప మాయమైంది.
దించాడు.
చేప వచ్చింది.
మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు.
పై కిటికీలోంచి ఒకామె తడిబట్ట దులుపుతూ
మా ముగ్గురినీ పిచ్చివాళ్ళని చూసినట్టు చూసింది.
"అతుకు బాగుంది," అన్నాడు చివరికి.
అన్నది చేపని.

పలక బ్రిజిదా సంచిలోకి పోయింది, ఉల్లిపాయల కిందికి.
ఏం చేస్తారు దాన్ని, అన్నాను.
"కాఫీగిన్నె దించుకోడానికి," అంది. "బల్ల కాలిపోతోంది."

సోమవారం మ్యూజియానికి సెలవు.
మంగళవారం నా కుర్చీని నాలుగడుగులు జరిపాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఇప్పుడు నా ఎదుట నది లేదు, ఓడలు లేవు,
వెల్లకిలా పడుకున్న ఆ మబ్బు ఉంది.

దాని ముందు ఇంతవరకు ఎవరూ ఆగలేదు.
ఆగితే,
ముందు వాళ్ళ వేళ్ళు చూస్తాను.