పొయ్యి మూతి

పత్తికొండ టమాటా మార్కెట్టు ముందర
తెల్లారి మూడు గంటలు.
లారీలు బారుగా నిలబడినాయి.
హమాలీలు తువ్వాళ్లు దులిపి తలకు చుట్టుకుంటాండారు.
బొరుగులు నానినాయి, మిరపకాయలు చీల్చిపెట్టినాను,
పొయ్యి మాత్రం
అంటుకున్నట్టే అంటుకొని
తలకాయ వాల్చేస్తాది.

మొదటి దినం కట్టెల మీద నేరం పెట్టినాను.
సర్కారు కంప. పైకి ఎండు, లోపల పచ్చి.
కొసనించి నురుగు కక్కి సుయ్యిమని ఏడ్చింది.
"నెల్లాళ్లు ఎండినాయక్కా,
వాటెంబడి నేనూ ఎండినా" అని
కట్టెల కాశీం ఒట్టేసినాడు.

మరుసటి దినం తుమ్మ మొద్దులు, అప్పు రాసి.
కణకణమని ఒక్క వాయికి నిలబడింది, అంతే.
చెనక్కాయ పొట్టు చల్లితే
గుప్పున లేచి
నా కనుబొమ్మ సగం తిని పండుకుంది.
పగిలిన టమాటా బాక్సుల చెక్కలు పెడితే
చూడముచ్చటైన మంట, కింద నిప్పే మిగలదు.
మాటకారి మొగోని మాదిరి.

బూడిద ఎత్తినాను, గంపెడు.
దాంట్లో రెండు మేకులు, ఒక గాజుముక్క,
ఒక బీగంచెవి.
రోడ్డు వెడల్పు చేస్తామని
మమ్మల్ని ఇవతలికి తరిమిన దినం పోయినది.
అది పాత కొట్టుది.
ఆ కొట్టుకిప్పుడు తలుపే లేదు,
తలుపుండే గోడ కూడా లేదు.
అయినా కొంగుకు ముడేసుకున్నాను.

ఊదినాను.
ఇనుప ఊదుగొట్టం, మా అత్తది.
ఆమె నోరు పెట్టిన చోట అరిగి నున్నగుంటాది.
ఊది ఊది కండ్లు చింతనిప్పులు,
పొయ్యిలో లేని నిప్పంతా
నా మొగంలోనే ఉన్నట్టు.
"అక్కా, పొగ ప్లేటెంత?" అన్నాడొక హమాలీ.
దిష్టి తగిలిందని ఒకామె నిమ్మకాయ కట్టింది.
సిలిండరు పెట్టుకోరాదా అన్నాడు డ్రైవరు.
ఉగ్గాని ప్లేటుకు మిగిలేదెంతో లెక్క చెప్తే
వక్కపొడి నోట్లో వేసుకొని
లారీ కిందికి చూడబట్టినాడు.

కాయలేరే వన్నూర్‌బీ
చేతులు చీర కుచ్చెళ్లకు తుడుచుకుంటా వచ్చింది.
కట్టెల గురించి అడగలేదు.
చిటికెడు బూడిద తీసి పైకి వదిలింది.
అది తిన్నగా వచ్చి నా మొగాన పడింది.

"మద్దిలేటక్కా, అవతలున్నప్పుడు మూతి ఏ దిక్కుకు?"
"రోడ్డు దిక్కుకు."
"ఇప్పుడు?"
"రోడ్డు దిక్కుకే.
ఇటుకకు ఇటుక లెక్కబెట్టి
అట్లనే కట్టినాను గదా."
"అవతల రోడ్డంటే తూర్పు.
ఇవతల రోడ్డంటే పడమర.
ఇది ఆషాఢం."

నేను నోరు మూసుకున్నాను.
పొయ్యికి మూయడానికి కాలేదు పాపం,
పడమటి గాలంతా మింగుతానే ఉంది నెల దినాలుగా.

ఆ దినం మూడు రాళ్ల మీద గడిపినాము.
సాయంత్రం గడ్డపార తెచ్చి
నా చేత్తో నేనే పగలగొట్టినాను.
ఎర్రమట్టి, పేడ, కొంచెం బూడిద.
మూతి దక్షిణానికి.
వెనకాల పిడికెడు పొక్క పెట్టి
వన్నూర్‌బీ చెప్పింది:
"ఊదేది నువ్వు కాదు, అది.
నువ్వు కట్టె పెట్టి ఊరకుండు."
కూలి ఎంతంటే రెండు బజ్జీలు,
ఒకటి ఇంటికి.

ఇప్పుడు రోడ్డుకు నా పక్క కనిపిస్తాది, మొగం కనిపించదు.
వచ్చేవాళ్లను దగ్గుతో పడతాను,
చెప్పుల ఈడ్పుతో.
బీగంచెవిని దారం కట్టి పందిరికి వేలాడదీసినాను.
అగ్గిపుల్ల గీసేముందు
అది ఎటు ఒరుగుతాదో ఒకసారి చూస్తాను.

ఎవురప్పా, ఓబులేసువా?
రెండు ప్లేట్లా, మూడా?