అతి తక్కువ ధర

టెండరు గడువు మధ్యాహ్నం మూడింటికి.
నారిన్‌లో ఆ రోజు మైనస్ ఇరవై ఆరు.
గ్రేడరు కడుపు కింద నిప్పుల బాన పెట్టి
కుబాత్ దాన్ని లేపుతున్నాడు, బాలింతను లేపినంత నెమ్మదిగా.
నేను లోపల, ఒక మీట ఊడిన లాప్‌టాప్ ముందు
పత్రం మీద పత్రం ఎక్కిస్తున్నాను.

మా నాన్న కాలంలో
గొర్రెపిల్లను చంకన పెట్టుకుని రోడ్ల ఆఫీసుకి వెళ్ళేవాడు.
తలకాయ ఎవరికి, తొడ ఎవరికి,
ఆ పంపకం తెలిసినవాడికే కల్వర్టు.
ఇప్పుడు పోర్టల్‌కి ముఖాలు కనపడవట,
ముఖం చూసి బొట్టు పెట్టే పనే లేదట.
నమ్మాను. సగం.

మూడుసార్లు ఓడిపోయాను.
మొదటిసారి బ్యాంకు హామీలో ఒక సున్నా తగ్గింది.
రెండోసారి, అరవై మీటర్ల వంతెన కట్టిన అనుభవం లేదన్నారు.
కట్టనిస్తే కదా అనుభవం!
మూడోసారి కారణం రాయలేదు.

అప్పుడు దొరికాడు తొరొకుల్,
జలాలాబాద్ అవతల, రెండు కనుమలకు అటువైపు.
ఉక్కు దూలాల ధర అడిగితే
ధర చెప్పకుండా
"ఏటి అడుగున రాయా, ఇసుకా?" అన్నాడు.
అంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు.
ఆ రాత్రి ఇద్దరం రాసుకుంటూనే ఉన్నాం,
రాళ్ళ గురించి.

ఏడాదిన్నర.
ఆకుపచ్చ చుక్క వెలిగితే మనిషి మేలుకుని ఉన్నట్టు.
నా వెల్డింగు ఫొటో చూసి
"కుట్టు రానివాడు కుట్టిన చొక్కాలా ఉంది" అన్నాడు.
కోపమొచ్చి రెండ్రోజులు మాట్లాడలేదు.
మూడోనాడు ఆ అతుకు కోయించి మళ్ళీ వేయించాను.
అతని గొంతు వెనక ఎప్పుడూ ఒక కోడి,
తెల్లారకముందే కూసే తింగరి కోడి.
దాని పేరు కూడా తెలుసు నాకు.
అతనికి పిల్లలెందరో తెలియదు.

అతని సర్టిఫికెట్టు, నా యంత్రాలు,
నా అప్పు.
ఒక ఒప్పందం, రెండు సంతకాలు,
మధ్యలో ఆ కనుమల నిండా మంచు.
"ముఖం ఎరగనివాడితో పొత్తా?" అంది అత్త.
ఎరిగిన ముఖాలు నాన్నకి ఏం మిగిల్చాయో ఆమెకీ తెలుసు.
ఎండు పెరుగు ఉండలు చేస్తూ ఊరుకుంది.

రెండున్నరకి కరెంటు పోయింది.
లాప్‌టాప్ పట్టుకుని గ్రేడరు ఎక్కాను,
ఫోన్లో రెండు గీతల సిగ్నలు, బ్యాటరీలో పదకొండు శాతం.
ధర ఇంకా ఎక్కువే.
"ఇనుములో నలభై వేలు కోస్తాను" అని కొట్టాను.
చుక్క వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది.
"ఇనుము ముట్టుకోకు, బురుల్‌చా.
నా వాటాలో కోసెయ్."
వేళ్ళు కొంకర్లు పోతుంటే కోసేశాను.
రెండూ యాభై ఏడుకి
పత్రం వెళ్ళిపోయింది.

గెలిచాం.

జూన్‌లో వచ్చాడు, అవతలి దారిన.
అటు గట్టున అతను, ఇటు గట్టున నేను,
మధ్యలో కరిగిన మంచంతా ఒకేసారి అరుస్తోంది.
నేననుకున్నదానికన్నా పొట్టి.
చేతులూపాడు, ఏదో అన్నాడు, వినపడలేదు.
ఇద్దరం ఫోన్లు తీశాం.
"అడుగున రాయే" అని రాశాడు.
"చెప్పాగా" అని రాశాను.

ఇప్పుడు నా పేరు మీద కూడా
అరవై మీటర్ల అనుభవం ఉంది, ముద్రతో సహా.
కాంట్రాక్టర్ల సంఘం పెద్దాయన మెల్లగా అన్నాడు,
"ఇక ఆ దక్షిణాదివాడెందుకమ్మా, లాభం సగం చేసుకోను?"
ఏరు దాటాక తెప్ప తగలేయడం
మా పనిలో తప్పు కాదు, తెలివి.
టీ తాగి లేచి వచ్చేశాను. ఏమీ అనలేదు.
దారంతా లెక్కలు వేశాను, అబద్ధమెందుకు.

నిన్న కొత్త టెండరు పడింది, తొంభై మీటర్లు.
నిద్ర పట్టక నాలుగింటికి తెరిచి కూర్చున్నాను.
"అడుగున బంకమట్టి. ఏం చేద్దాం?"
పంపేశాను.
చుక్క వెలగలేదు.
టీ చల్లారింది.
అంతలో గొంతు సందేశం, మాట లేదు అందులో,
వేలు తగిలి వెళ్ళిపోయినట్టుంది.
కోడి మాత్రం కూస్తోంది.