మూడు కాగితాలు

ఆ ఎండాకాలం సారేమా దీవిలో
టేపు పట్టుకున్న మనిషిని నేను.
చెవి వెనక పెన్సిలు,
జేబులో మడిచిన నల్లరొట్టె.
చర్చి గోడ పక్కన కాస్త పచ్చిక,
బాయిలరు బూడిద పోసి చదునుచేసిన బాట,
గాలికి ఒకే వైపు ఒంగిపోయిన జూనిపర్ పొదలు:
అదే మా మైదానం.

ఉర్వే లెపిక్ చేపల కొట్టం నుంచి నేరుగా వచ్చింది.
మోచేతులదాకా పొగ వాసన.
హెర్రింగు పీపాలు మోసే భుజం మీద
ఇనపగుండు ఒక్క క్షణం
పసిబిడ్డలా తల వాల్చింది.
ఆ తర్వాత అక్కడ లేదు.
గుంట పడ్డచోట మోకాళ్ళ మీద కూర్చుని
టేపు లాగాను. పదమూడు మీటర్ల నలభై.
మళ్ళీ లాగాను,
టేపు సాగిందేమోనని కాదు,
నా బుద్ధి అంతదూరం సాగక.

తలెత్తేసరికి ఆమె
అవతల రంపపుపొట్టు గుట్ట మీంచి లేచి
వీపు దులుపుకుంటోంది.
ఇందాక నేలను అదరగొట్టిన ఒళ్ళే
కర్రకు పైన కత్తెరలా తెరుచుకుని మూసుకుంది,
బరువునంతా ఎవరికో అప్పిచ్చి వచ్చినట్టు.

సాయంత్రం ఎనిమిది వందల మీటర్లు.
మొదటి చుట్టులో అందరికన్నా వెనక. ఎవరూ చూడలేదు.
రెండో చుట్టులో, చర్చి గోడ మలుపు దగ్గర,
ముందున్న అయిదుగురి మధ్య నుంచి
తలుపు సందులో గాలి దూరినట్టు దూరింది.

టాలిన్ నుంచి వచ్చిన కోచ్
ఎండలో కూడా తోలు కోటు విప్పలేదు.
"ఒకటి ఎంచుకో," అన్నాడు.
"గుండు విసిరే ఒళ్ళు వేరు, పరుగెత్తే ఒళ్ళు వేరు.
రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు
ఏమవుతారో తెలుసుగా?"

ఉర్వే బూటు విప్పి బూడిద దులిపింది.
"మార్చిలో మా సముద్రం సగం మంచు, సగం నీళ్ళు.
నడిస్తే మునుగుతాం, తెడ్డేస్తే ఇరుక్కుంటాం.
ఒక కాలు పడవలో, ఒక కాలు మంచు మీద,
అలా నెట్టుకుంటూనే మా నాన్న మంత్రసానిని తెచ్చాడు.
అలాగే నేను పుట్టాను."

కోచ్ వాచీ చూసుకున్నాడు.
ఆఖరి ఫెర్రీకి టైమయింది.

నేను మూడు కాగితాలు రాసి పంపాను.
మూడింటి పైనా ఒకే పేరు.
రెండు వారాలకు తిరిగొచ్చాయి, ఎర్ర పెన్సిలు గీతలతో:
"గుమాస్తా పొరపాటు. సరిదిద్దవలెను."

సరిదిద్దాను.
ఇది చెప్పడానికే ఇంతసేపూ టేపు, గుండు, గోడ అంటూ తిరిగాను.
గుండు ఉంచి, దూకినదీ పరుగెత్తినదీ చెరిపేసి,
రెండో స్థానం వాళ్ళను ఒక మెట్టు పైకి జరిపాను.
రబ్బరుపొడి ఊదిన నోటితోనే
మర్నాడు వీధిలో ఆమెను పలకరించాను.

ఆమె ఏమీ అడగలేదు.
మరుసటేడు నమోదు బల్ల దగ్గర మాత్రం
మూడు కాగితాల మీద మూడు పేర్లు రాసింది.
గుండుకు ఉర్వే లెపిక్.
ఎత్తు దూకడానికి మీలి లెపిక్. వాళ్ళ నాయనమ్మ,
పోయి పదకొండేళ్ళు.
పరుగుకు పునిక్ లెపిక్.
అక్కడ నా పెన్సిలు ఆగింది.
పునిక్ వాళ్ళ కొట్టంలో ఎర్రావు.

ఉర్వే నవ్వకుండా నా కళ్ళలోకి చూసింది.
నేను స్టాంపు వేశాను.

ఆ ఏడు, చనిపోయిన నాయనమ్మ
మీటరున్నర పైన రెండు వేళ్ళ ఎత్తు దూకింది.
ఆవు ఆఖరి మలుపులో అందరినీ దాటింది.
కాగితాల మీద ఈసారి ఎర్ర గీత లేదు.
"ఒకే కుటుంబం నుండి ముగ్గురు మహిళలు!
మీ జిల్లా కృషి హర్షదాయకం."

చాలాకాలం వాళ్ళ కొట్టంలో
పాలు పితికే పీటకు పైన, మేకుకు
ఒక ప్రశంసాపత్రం వేలాడుతుండేది.
పునిక్ దాని అంచు కొంచెం నమిలింది,
గడ్డి నమిలినట్టే,
తొందరేమీ లేకుండా.